నడక గదిని తిరిగి ఇప్పించుట గురించి

ఆస్పత్రి పాలనాధికారి గారి సముఖమునకు,
బస్సు కండక్టరు (ప్రస్తుతం సెలవులో) సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కాళ్లకు రక్తం సరిగా అందని రోగులు నడిచే గదిని తమరు సమావేశ మందిరముగా మార్చినందున, దానిని మరల మా కాళ్లకు అప్పగించవలసినదిగా కోరుట.

"ఏదైనా ఉంటే రాసి ఇవ్వండి, చూస్తాను" అని తమరు నిన్న అందరి ముందూ సెలవిచ్చినందున రాసి ఇవ్వడమైనది. చూడవలసినది.

1. నేను బస్సులో నిలబడి బతికినదానిని. షుగరు వల్ల కుడికాలికి రక్తం పోయే నాళాలు పూడుకుపోయి, బొటనవేలి పక్కన పుండు పడి, ఎంతకూ మానలేదు. నాళాలు మరీ సన్నబడినందున ఆపరేషనుతో సరిచేసే వీలు లేదనీ, మోకాలి కిందికి తీసేయడమే మేలనీ చూపించుకున్న చోటల్లా చెప్పడమైనది. "బస్సు బ్రేకు వేస్తే ఒంటికాలి మీద ఎలా నిలబడేదండీ?" అని అడిగితే "ఇంక కూర్చోండి" అన్నారు. కూర్చోవడం నాకు చేతకాదని మనవి.

2. తమ ఆస్పత్రిలోని రక్తనాళాల డాక్టరు గారు మాత్రం ఒక చికిత్స ఉందనీ, అది ఇంకా పరీక్షల దశలోనే ఉందనీ దాపరికం లేకుండా చెప్పారు. నా తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను వేరుచేసి, నా పిక్కలోకే సూదులతో ఎక్కించారు. మూలుగ తీసేటప్పుడు నేను మూలిగిన మూలుగు తమ గది దాకా వినిపించి ఉంటే క్షమించగలరు.

"ఇవి కొత్త నాళాలు మొలిపించవచ్చు, మొలిపించకపోవచ్చు. మాట ఇవ్వలేనమ్మా," అన్నారు డాక్టరు గారు. "కానీ రక్తం పారాలంటే నువ్వు రోజూ నడవాలి. నొప్పి వచ్చేదాకా నడువు, ఆగు, మళ్లీ నడువు."

కొత్త రూటు వేసి బస్సు తిప్పకపోతే దారిలో గడ్డి మొలుస్తుంది. ఆ మాత్రం నాకు తెలుసు.

3. ఆ నడక కోసమే కింది అంతస్తులో పొడుగాటి గది ఉండేది. నున్నటి నేల, రెండు గోడలకూ పట్టుకునేందుకు కమ్మీలు, అలిసినవాళ్లకు బల్లలు. వ్యాయామం చేయించే అమ్మాయి మా పక్కనే అడుగు వేసేది. పిక్కను గుడ్డ పిండినట్టు పిండేసేది నొప్పి. మొదట్లో ఏడ్చాను. నాకు తోడు వచ్చే మా ఆడపడుచు "ఏడిస్తే ఏడువు గానీ ఆగకు వదినా" అనేది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఆ గదిలో మాత్రం ఆమె భుజం పట్టుకునే నడిచాను. పుండు మానింది. ఒకనాడు ఆమె నా పాదం ముట్టుకుని "వెచ్చగా ఉందే!" అని, గబుక్కున ముఖం అటు తిప్పుకుంది.

4. తమరు ఆ గదికి తాళం వేయించి, కమ్మీలు పీకించి, తివాచీ పరిపించి, గుండ్రటి బల్ల వేయించి, వ్యాయామం చేయించే అమ్మాయిని పంపించేయడమైనది. మేమంతా వచ్చి అడిగితే తమరు అన్న మాట ఇది: "నడవడానికి ఆస్పత్రి ఎందుకమ్మా? ఊరంతా రోడ్లే కదా!"

మాలో తాపీమేస్త్రి బాబాయి ఒకాయన ఉన్నాడు. నాలాగే సూదులు వేయించుకున్నాడు, పాదం మీద పుండు మూసుకుంది. పెద్దవాళ్లు చెప్పారు కదా అని తమ మాట విన్నాడు. వీధిలో నడిచాడు. మొద్దుబారిన పాదం కనుక చెప్పులోకి కంకర రాయి దూరినా తెలియలేదు. ఇంటికొచ్చి చెప్పు విప్పితే ఆ రక్తం చూసి పిన్ని కేక పెట్టింది. చీము పట్టింది. రెండు వేళ్లు తీసేశారు. కాలి సంగతి ఇంకా చెప్పలేమంటున్నారు.

ఈ అంశాన్ని ఆఫీసు భాషలో ఎలా రాయాలో నాకు తెలియలేదండీ. వేళ్లు పోయాయి. అంతే.

5. అప్పటి నుంచి మేము తమ గది ముందే నడుస్తున్న మాట వాస్తవం. దాన్ని నడవా అంటారు. నడవడానికి కాకపోతే ఆ పేరెందుకు?

నిన్న కాపలా మనిషి "సారు మీటింగులో ఉన్నారు, అవతలికి పొండి" అన్నాడు. "కూర్చున్నవాళ్లకు కాళ్లతో పనేముంది నాయనా? వాళ్లను కూర్చోనీ, మమ్మల్ని నడవనీ" అన్నాను. నొప్పి వచ్చినప్పుడు కూలబడాలి కనుక మా ఆడపడుచు తమ సందర్శకుల కుర్చీలు బరబరా ఈడ్చుకొచ్చింది. ఆ చప్పుడుకు తమరు బయటికి వచ్చారు.

"ఇది ఆఫీసు. వీధి కాదు."

"వీధికి పంపింది తమరే కదండీ. వెళ్లొచ్చాను," అంటూ చక్రాల కుర్చీలోని మేస్త్రి బాబాయి కట్టు కట్టిన పాదం చాపాడు.

తమరు ఆ పాదం వంక చూడలేదు. "పోలీసులను పిలుస్తాను," అన్నారు.

"పిలవండి. స్టేషను దాకా నడిపిస్తే డాక్టరు గారు సంతోషిస్తారు," అన్నాను.

అప్పుడు రాసి ఇమ్మన్నారు.

కావున తమరు దయతో కాదు, బాధ్యతతో, తివాచీ తీయించి, కమ్మీలు బిగించి, వ్యాయామం చేయించే అమ్మాయిని తిరిగి రప్పించవలెను. మేస్త్రి బాబాయి పాదం మానిన నాడు ఆయన మొదటి అడుగు ఆ గదిలోనే పడవలెను. అంతవరకు నడవా ఖాళీ చేయబడదు. మేము అలిసిపోతామని తమరు ఎదురుచూడనక్కరలేదు. అలిసిపోవడమే మాకు మందు, డాక్టరు గారే రాసిచ్చారు.

చిత్తగించవలెనని రాయడం మర్యాద కనుక రాశాను. చిత్తగించకపోయినా రేపు ఉదయం తమ గుమ్మం ముందే కనబడతాము.

తమకు విధేయురాలిగా ఉండి చూసి, లాభం లేక మానుకున్న,
బస్సు కండక్టరు

సాక్షులు: తాపీమేస్త్రి, మా ఆడపడుచు (కాళ్లు బాగానే ఉన్నవి, నోరు ఇంకా బాగున్నది).

తా.క.: ఇది అర్జీ కాదు, వేరే సంగతి. కారు దిగి గదికి వచ్చేలోగా తమరు మధ్య మధ్య ఆగి ఫోను చూసుకుంటారు. నిన్న నేను దగ్గరలోనే ఉన్నాను. ఫోను వెలగలేదు, చెయ్యి మాత్రం పిక్క మీదికి పోయింది. జబ్బు బయటపడక ముందు నేనూ అంతే, నొప్పి వస్తే దుకాణం అద్దాల ముందు ఆగి వస్తువులు చూస్తున్నట్టు నటించేదాన్ని. చూడు బాబూ, పుండు పడేదాకా ఉండకు. పౌరుషం పక్కన పెట్టి డాక్టరు గారికి చూపించుకో. ఆయన నడవమంటే మా దగ్గరికి రా, గోడ వైపు చోటు ఉంది. మధ్యలో ఆగిపోతే ఎందుకు ఆగావని అక్కడ ఎవరూ అడగరు.