వంశగ్రంథంలో నా పేరు కింద

చిరంజీవి సువెన్‌ను నాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు పంపిన పట్టీ కట్టుకుంటున్నాను, మోకాలు మాట వింటోంది. మీ కైమింగ్ అన్నయ్యా, అతని బాతులూ క్షేమం. బాగా లేనిది నా కోపం ఒక్కటే, నెల రోజులుగా దిగడం లేదు. అల్లుడు మన మిరపకాయ పచ్చడి తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాడని రాశావు. ఉత్తరాది మనిషి కదా, మెల్లగా అలవాటవుతుందిలే. ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్‌లో అయితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు.

వంశగ్రంథం మళ్లీ రాస్తున్నారట, నిజమేనా అని అడిగావు. నిజమే. మన లియావ్ వంశం సభామందిరంలో రెండు నెలలుగా అదే పని. నా దస్తూరీ బాగుంటుందని కుంచె నా చేతికిచ్చారు. కమిటీ పెద్ద ఎవరో చెప్పక్కర్లేదుగా, మన షౌచెంగ్ పెద్దయ్యే. టీ గ్లాసు కింద పెట్టడు, నోరు ముయ్యడు.

ఏం రాయిస్తున్నాడో విను. సోంగ్ రాజుల కాలంలో ఒక మంత్రి ఉన్నాడట, మనమంతా ఆయన సంతతట. ఆయనకి ఎనిమిది పేజీలు! ఆయనకీ మనకీ మధ్య మూడు తరాలు దొరకలేదు. దొరక్కపోతే ఏం, ముగ్గురి పేర్లు టీ తాగుతూ అక్కడికక్కడే పుట్టించారు. ఉత్తరాన యుద్ధాలొస్తే కుండా చట్టీ నెత్తిన పెట్టుకుని దక్షిణానికి పారిపోయి వచ్చినవాళ్లకి నాలుగు పేజీలు. మింగ్ రాజుల కాలంలో ఈ లోయలో మొదటి వరినాటు వేసినవాడికి రెండు. ఛింగ్ రాజుల కాలంలో జిల్లా పరీక్ష ఒక్కటి గట్టెక్కిన మహానుభావుడికి, బొమ్మతో సహా, పేజీన్నర. ఆయన ఆ పరీక్ష ఏడుసార్లు తప్పాడన్న సంగతి మాత్రం రాయొద్దన్నారు.

ఆ తర్వాత తిరుగుబాట్లు, జపాన్ వాళ్ల యుద్ధం, ఆ పైన పాత వస్తువు కనపడితే తగలబెట్టిన రోజులు. అప్పుడు ఈ గ్రంథాన్ని కాపాడిందెవరు? తూర్పింటి ముసలమ్మ. నూనెగుడ్డలో చుట్టి పందుల కొట్టం కింద పాతిపెట్టి, పదేళ్లు దాని మీదే కుడితి పోసింది. ఆవిడ పేరేమిటని నెల కిందట అడిగాను. పదకొండు మంది మగవాళ్లం, ఒక్కడికీ తెలీదు! ఆవిడ కాపాడిన పుస్తకంలోనే వెతికితే ‘హు ఇంటి పిల్ల’ అని మాత్రమే ఉంది. మీ అమ్మ కూడా అంతే, ‘ఫాన్ ఇంటి పిల్ల’. నా ఒళ్లు మండిపోయింది.

కుంచె పట్టుకునే అన్నాను: “పెద్దయ్యా, నా పేరు కింద నా కూతురి పేరు రాస్తాను.”

“ఆడపిల్లని ఎక్కడ రాస్తాంరా మాస్టారూ? అది వేరే ఇంటి మనిషి.”

“లేని మంత్రిగారికి ఎనిమిది పేజీలు ఇచ్చారు. ఉన్న పిల్లకి అర గీత ఇవ్వలేరా?”

“నీకేం తక్కువైందిరా? నీ వంశం నిలిచే ఉంది కదా. కైమింగ్ లేడూ?”

అందరూ నవ్వారు. నేను కుంచె మళ్లీ సిరాలో ముంచాను. ఆ మాట వెనక ఉన్న సంగతి ఇన్నేళ్లుగా నీకు చెప్పలేదు.

అంతకు ముందు ఉత్తరంలో నువ్వు ఒకటే అడిగావు. పెద్దల సమాధులు శుభ్రం చేసే ఛింగ్‌మింగ్ పండగనాడు అమ్మ సమాధి దగ్గర కైమింగ్ ముందు నిలబడి మొదటి సారా గిన్నె ఎందుకు పోశాడు, నన్నెందుకు వెనక్కి జరగమన్నారు అని. ఆచారం తల్లీ అని రాసి తప్పించుకున్నాను. అది అబద్ధం.

కిందటిసారి గ్రంథం రాసినప్పుడు నీకు పన్నెండేళ్లు. ఒక్క బిడ్డతో సరిపెట్టుకోవాలని సర్కారు శాసించిన రోజులు, నాది బడి ఉద్యోగం, రెండో బిడ్డ పుడితే ఊడిపోతుంది. కొడుకు ఉన్నవాడి పేరు కింద నుంచి ఎర్రగీత గీసి కొడుకు పేరు రాస్తారు. లేనివాడి పేరు కింద ఒకే ఒక్క అక్షరం. ‘ఆగింది’ అని దానర్థం. ఆ అక్షరానికి నేను భయపడ్డాను తల్లీ. నలభై మంది పిల్లలకి అక్షరాలు నేర్పేవాణ్ణి, ఒక్క అక్షరానికి వణికిపోయాను. మా అన్నయ్యకి ఇద్దరు కొడుకులు. వెళ్లి చిన్నవాడు కైమింగ్‌ని కాగితం మీద నాకిమ్మని అడిగాను. నా కుంచెతో నా పేరు కింద నేనే రాశాను: దెయువాన్ కొడుకు, కైమింగ్. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

మీ అమ్మ నాతో పోట్లాడలేదు. ఎనిమిది రోజులు భోజనాల బల్ల మీద నాలుగో గిన్నె పెట్టింది. “ఎవరికమ్మా?” అని నువ్వు అడిగితే, “మీ నాన్న కొడుక్కి” అంది. తమాషా అనుకుని నువ్వు పగలబడి నవ్వావు. నేను తలెత్తలేదు. ఆ పుస్తకం ఆడవాళ్లకి చూపించరు కనక సంగతి నీదాకా రాలేదు. కాగితం మీద కొడుకు కనకే కైమింగ్ సారా పోశాడు. షౌచెంగ్ పెద్దయ్య నిన్ను వెనక్కి జరగమంటే నేను పక్కనే నిలబడి, మీ అమ్మకి చేరాలని కాగితపు నోట్లు కాలుస్తూ ఊరుకున్నాను. నెల రోజులుగా కమిటీ మీద చిందులు వేస్తున్నాను గానీ, నిజానికి మండుతున్నది నా మీదే.

సోమవారం కైమింగ్ దగ్గరికి వెళ్లాను. చెరువు గట్టున బాతులకి మేత వేస్తున్నాడు. అంతా చెప్పాను.

“చిన్నాన్నా, నన్ను మా నాన్న పేరు కిందే రాసెయ్. ఆ రోజు చెల్లి నా వెనక నిలబడి ఏడుస్తోంది. గిన్నె పట్టుకోలేక సగం నా చెప్పుల మీదే పోసుకున్నాను. నువ్వు చూళ్లేదా?”

చూశాను. చూసీ ఊరుకున్నాను.

నిన్న మందిరంలో అందరి ముందూ కైమింగ్ పేరు మా అన్నయ్య కిందికి మార్చాను. నా కింద నీ పేరు రాయబోతే పెద్దయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“కొడుకు పేరు కొట్టేశావు, సరే. ఇక నీ కింద ‘ఆగింది’ అని నువ్వే రాసుకో.”

“ఏం ఆగింది పెద్దయ్యా? నా కూతురు లాన్‌జౌలో నిక్షేపంలా ఉంది, రైలు వంతెనలు కడుతోంది. అబద్ధం నేను రాయను. దాని పేరు పట్టని పుస్తకంలో నా పేరెందుకు?” అని నా పేరు నిలువునా కొట్టేశాను. నల్లటి గీత, కింది పేజీకి కూడా దిగింది.

హాలంతా గోలగోల అయిపోయింది. పెద్దయ్య టీ గ్లాసు మొట్టమొదటిసారి కింద పెట్టాడు. “పిచ్చి పట్టిందేంట్రా నీకు? రేపు చస్తే నీకు ధూపం ఎవడేస్తాడు? సారా ఎవడు పోస్తాడు?”

“నా కూతురు పోస్తుంది. వాళ్లమ్మకీ అదే పోస్తుంది, ముందు నిలబడి” అన్నాను.

సువెన్, అంత మంది ముందు అంత గట్టిగా అన్నది నిన్ను అడగకుండా అన్నాను. ఇంటికొచ్చి కూర్చున్నాక గానీ ఆ సంగతి తట్టలేదు. ఇరవై మూడేళ్ల కిందట నువ్వు చాలవనుకున్నవాణ్ణి. ఇప్పుడు నువ్వే దిక్కని ఏ మొహంతో అడగను? రానంటే తప్పు నీది కాదు. వస్తానంటే, వచ్చే ఏడు మీ అమ్మ దగ్గర నువ్వు ముందు నిలబడు, నేను నీ వెనక నిలబడతాను. ఏదైనా సరే, నీ చేత్తో రాయి.

ఇట్లు,
పుస్తకంలో పేరు లేని,
ఒక్కగానొక్క బిడ్డ తండ్రి,
నాన్న