మెషీన్ మీది పచ్చ ప్యాకెట్

అమ్మా, ఒంట్లో బాగానే ఉంది. కంపెనీ పెట్టాక భయమే లేదని పోయిన కార్డులో రాసింది అబద్ధం. నిన్న డబ్బు పెట్టేవాళ్లు వచ్చి కూర్చుంటే, సర్వర్ గదిలో దాక్కున్నాను. మెషీన్లు ఆగిపోవన్న నమ్మకంతో వాటి మీద పచ్చ చిప్స్ ప్యాకెట్ పెడతాం కదా, తెలియకుండానే అదంతా తినేశాను. మా ఇంజనీరు షియుమాన్ చూసేసింది.

"ఆకలేస్తే చెప్పొచ్చుగా అక్కా, మెషీన్ నోటి దగ్గరది లాక్కోవాలా?"

సిగ్గుతో చచ్చాను. మూతి తుడుచుకుని వెళ్లి ఎలాగో మాట్లాడాను. ఇవాళ వచ్చేసరికి సర్వర్ మీద కొత్త ప్యాకెట్, నా బల్ల మీద ఇంకొకటి. దాని మీద "నువ్వూ ఆగిపోకు" అని రాసి, మా ఆఫీసులో ఆరుగురి సంతకాలు. అందరికీ తెలిసిపోయింది.

నాన్న మోకాలు ఎలా ఉంది? ఎండు ముల్లంగి పంపు. నా ధైర్యం గురించి వీధిలో చెప్పుకోవడం మానెయ్యి. అమ్మమ్మకు దండాలు. నా బల్ల మీది ప్యాకెట్ ఇంకా విప్పలేదు.

నీ యూష్వాన్