బాషాని ఎందుకు తీసేసినావు ఆంజీ?

నజ్మా ఏరియా, దోహా
జూన్, 2022

విజయరాణి అక్కకు తమ్ముడు ఆంజి నమస్కరించి రాసేది,

ఇక్కడ నేనూ, మాబున్నీసా అత్త కొడుకు ఖాసీం బాషా ఒకే రూములో క్షేమంగా ఉన్నాం. నువ్వూ అత్తా కలిసి నడిపే కుట్టుషాపు బాగుందని తలుస్తాను.

ఊరంతా వరల్డ్ కప్ హడావుడి. అల్ అజీజియా దగ్గర స్టేడియంలో పెద్ద తెరలు నడిపే కంట్రోల్ రూములోకి మా కంపెనీ స్టోరు నుంచి ఒకరిని తీసుకుంటారట. అందుకే స్టోరులోని పాత కంప్యూటర్ మీద రోజూ సాధన చేస్తున్నాను. నల్ల తెర మీద మాటలు టైప్ చేసి దానికి పని చెప్పాలి. ఆ మాటలు అందుకునేదే షెల్. ఇన్నాళ్ళూ బాష్‌తో నెట్టుకొచ్చాను. నిన్న దాన్ని పక్కన పెట్టి ఫిష్‌కి మారాను. ప్యాకేజీ మేనేజర్‌ని ఒక్క మాట అడిగితే క్షణంలో తెచ్చి పెట్టింది. ఫిష్ ఎంత తెలివైనదంటే, నేను సగం మాట కొట్టేసరికి మిగతా సగం అదే చూపిస్తుంది. సంతోషంతో నాకు అన్నం కూడా సయించలేదు.

నీ తమ్ముడు,
ఆంజి

తా.క.: బాష్‌ని పూర్తిగా తీసెయ్యలేదు. కిందే పడి ఉంది. పిలిస్తే వస్తుంది.

*

రాయచోటి

చిరంజీవి ఆంజికి అక్క ఆశీర్వదించి రాసేది,

నీ జాబు షాపులో గట్టిగా చదివినా. సగానికి వచ్చేసరికి మాబున్నీసా మిషన్ ఆపేసింది. బాషా పేరులో దీర్ఘం కూడా మింగేసినావే, అంత కోపమా వాని మీద? నువ్వు ఆ దోహాలో దిగిన కొత్తల్లో జ్వరంతో పడుంటే గంజి కాచి పోసింది ఎవురు? ఆ పిల్లోన్ని పక్కన పెట్టి చేపల యాపారానికి పోతావా? పైగా "కిందే పడి ఉంది, పిలిస్తే వస్తుంది" అని రాస్తావా? మనిషిని పట్టుకొని అదీ ఇదీ అంటారా? వానికి మంచం లేదా?

ఇంగ ఆ ప్యాకేజీ మేనేజరమ్మ ఎవురు? అడిగిందే ఆలస్యం, తెచ్చి పెట్టేంత చనువు యాడిది?

మాబున్నీసా తన మిషన్ గోడకల్లా తిప్పుకొని నాకు వీపు చూపిస్తా ఉంది. ఆమె కత్తిరిస్తేనే గదా నేను కుట్టేది. ఇట్లయితే షాపు మూతపడతాది.

అక్క విజయరాణి

తా.క.: చేప ఎంత తెలివైందైనా మాట్లాడతాదంటే నేను నమ్మను. డాక్టరుకు చూపించుకో.

*

నజ్మా

అక్కకు ఆంజి దండం పెట్టి రాసేది,

బాష్ మనిషి కాదు, ఫిష్ చేప కాదు. రెండూ కంప్యూటర్‌లో పని చేసే షెల్‌ల పేర్లు. మన బాషాకు మంచం ఉంది. పైమంచం వాడిది, కిందిది నాది. ఇక ప్యాకేజీ మేనేజర్ అంటే ఆడా కాదు, మగా కాదు. జీతం అడగదు, నిద్రపోదు. ఏం కావాలో పేరు చెబితే ఎక్కడున్నా తెచ్చి సర్దిపెడుతుంది. అంతే. అత్తకు నచ్చజెప్పు.

ఆంజి

తా.క.: బాషా చేత అత్తకు ఫోన్ చేయిస్తున్నాను.

*

రాయచోటి

ఆంజికి అక్క రాసేది,

బాషా ఫోన్ చేసి "బాగుండా మా" అన్నాడంట. ఎవురో పక్కన నిలబడి చెప్పిచ్చినట్టు ఉందని మాబున్నీసా ఒకటే ఏడుపు. నిన్న మిషన్ కూడా ఆటోలో వేసుకొని ఇంటికి తీసకపోయింది. షాపులో నేనొక్కదాన్నే కూర్చోనుండా.

జీతం ఇయ్యకుండా, నిద్ర పోనీకుండా ఆ మేనేజరమ్మ చేత పని చేయించుకుంటా ఉండారే, మీకు పాపం అనిపించలేదా? నీతో చెప్పి లాభం లేదని ఆయమ్మకే నేరుగా జాబు రాసి, నీ కంపెనీ అడ్రసుకు పంపించినా.

అక్క

తా.క.: బాషాని పైమంచం మీంచి దించు. దొర్లి పడతాడని వాళ్ళమ్మ భయం.

*

నజ్మా

అక్కకు ఆంజి సాష్టాంగపడి రాసేది,

నువ్వు ఏం చేశావో నీకు తెలియదు.

మా పనిలో ఒక్కో భాగాన్ని ప్యాకేజీ అంటారు. తెరల పని మొత్తానికి పైఅధికారిని నిజంగానే ప్యాకేజీ మేనేజర్ అని పిలుస్తారు. ఆయన ముజఫ్ఫర్ అలీ, కర్నూలాయన. బారెడు గడ్డం. నీ జాబు తిన్నగా ఆయన టేబుల్ మీదికి పోయింది.

పోయిన సోమవారమే బాషాని దూరంగా ఉన్న మెసయీద్‌కు మారుస్తూ ఆర్డర్ వచ్చింది. పెట్టె సర్దుకుంటూ వాడు నా వైపు చూడలేదు, నేనూ చూడలేకపోయాను. అంతలో ఆయన మా ఇద్దరినీ పిలిపించి నీ జాబు చదివాడు. "మేనేజరమ్మా, మీ కడుపు చల్లగుండ, బాషాని తీసెయ్యొద్దు. ఇద్దర్నీ ఒకే రూములో ఉండనియ్యండి."

"నేను ఆర్డర్ మీద సంతకం పెట్టకముందే మీ అక్క ఈ జాబు పోస్ట్ చేసింది. రాయచోటిలో కూర్చోని ఆమెకు ఎట్లా తెలిసింది?" అన్నాడు.

షెల్ సంగతి మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు. "యాడుంది, చూపించు" అన్నాడు. స్టోరుకి వచ్చాడు. నేను సగం మాట కొట్టగానే ఫిష్ మిగతా సగం చూపించింది. కుర్చీ దగ్గరికి లాక్కొని తనే కొట్టి చూశాడు. మళ్ళీ కొట్టాడు. తర్వాత బాషా వైపు తిరిగి, "యల్లా, ఇంగ కానీ, నువ్వు పెట్టె విప్పుకో. వీడు కంట్రోల్ రూముకు పోతే వీనికి కేబుళ్ళు లాగేదానికి ఒక మనిషి కావాల" అన్నాడు.

నేను కంట్రోల్ రూముకి పోతున్నానక్కా. బాషా నాతోనే ఉంటున్నాడు. ఇప్పుడే వీడియో కాల్‌లో అత్తకు విప్పిన పెట్టె చూపించాడు. మిషన్ రేపే షాపుకి తెస్తానని అత్త అంది.

నీ తమ్ముడు,
ఆంజి

తా.క.: నీ జాబు మహిమ క్యాంపంతా పాకింది. ఒకాయనకు సెలవు దొరకడం లేదు, ఇంకొకాయన రూములో ఏసీ చల్లబడటం లేదు. మా రూము బయట వరసగా నిలబడి ఉన్నారు. అందరికీ తలా ఒక జాబు రాసి పంపించు.