పట్టుపురుగుల బస్సులో రెండు సీట్లు

పెనుకొండ, శుక్రవారం, ఆగస్టు 2001

వ్యవసాయాధికారుల సదస్సు తరఫున రేపు మూడు చోట్లు చూపించడానికి మూడు బస్సులు, ఎంచుకునేది ఒకటే. తాడిమర్రి వేరుశనగ చేలు నాకు కొత్త కాదు. కొత్తచెరువు బిందుసేద్యానికి టిక్కు పెట్టబోతుంటే, కింద హిందూపురం పట్టుపురుగుల షెడ్డు కనబడి పెన్ను ఆగిపోయింది. బోరు కింది ఎకరంలో మల్బరీ నాటాలా వద్దా అని నాయన నెల రోజులుగా తేల్చుకోలేక సతమతమవుతున్నాడు. వెంట ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. పెళ్లైన ఆడాఫీసర్లు భర్తల పేర్లు రాశారు, నేను నాయన పేరు రాశాను. సాయంత్రం ఆయనకు ఆ మాట చెప్పాను.

"నేనొస్తే మీ సార్లు నగరామ్మా?"

"నగరు. నువ్వు కొట్లాట పెట్టుకోకుంటే సాలు నాయనా."

"పురుగులు సస్తే పూచీ ఎవురిదని అడుగుతా. అదీ కొట్లాటైతే నన్ను పిలవాకు."

ఎప్పుడు తెల్లారుతుందా అని ఉంది. ఆ ప్రశ్న సార్లను అడిగే ధైర్యం నాకు లేకనే కదా, ఆయన పేరు రాసింది...