నా మొహంతో ఏడ్చినవాడు

జడ్జిగారికి,

నా పేరు సతుర్నినా చోకే. వయసు డెబ్బై నాలుగు. ఎల్ ఆల్టోలో నేనూ, తొమ్మిదేళ్ల మనవరాలు నాయ్రా, ఇద్దరమే ఉంటాం. నాకు చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను.

వచ్చేవారం నా కొడుకు రొలాండోను విడిచి, నా ఇంటికి పంపుతారట. వాడు పెళ్లాం లుర్దెస్‌ను, నాయ్రా తల్లిని, పదకొండు పోట్లు పొడిచి చంపాడు. ఎదుటివాళ్ల నొప్పి తెలిసే చోటు వాడి మెదడులో పనిచేయదని కేసు నడిచినప్పుడే డాక్టరమ్మ తలలోపలి ఫోటోలు తీసి చెప్పింది. జైల్లో నేర్పితే ఇప్పుడు వాడికి ఆ నొప్పి తెలిసిందట. మొన్న మీ ముందు ఏడ్చాడు, మీరు కరిగారు.

నేను వెనక బెంచీలోనే ఉన్నాను. ఏడుస్తుంటే వాడి పెదవి ఎడమపక్కకు జారింది, చూశారా? అలా జారేది నా పెదవి. నూరేరాయితో వాడు నా దవడ పగలగొట్టినప్పటి నుంచీ అంతే. వాడి దవడకు ఏ దెబ్బా లేదు.

వాడికి పదేళ్లప్పుడు కుక్క కాలు విరిచి, కుక్కను కాదు, నన్ను చూశాడు.

"ఏంట్రా చూస్తున్నావు?"

"నీ మొహం, అమ్మా. ఇంకోసారి అలా పెట్టు."

లుర్దెస్ నెత్తుట్లో కొట్టుకుంటున్నప్పుడూ నా మొహమే చూశాడు.

మెదడు అలా పుట్టడం వాడి తప్పు కాదంటారు. సరే, కాదు. జైలు తలుపు మాత్రం తీయకండి. నా ఇంట్లో నాయ్రా ఉంది. తీశారో, వాడు నా గడప దాటేలోపు నేనే పొడుస్తాను. ఈ మాట వద్దని రాసేవాడు బతిమాలాడు. "రాయి నాయనా" అన్నాను. ముసలిది మతిపోయి చేసిందని రేపు ఎవరూ అనకూడదు.

ఇది నా బొటనవేలి ముద్ర.

సాక్షులు: డెమెత్రియో కుసి, రాసినవాడు.
ఫ్రోయిలానా టికోనా, లుర్దెస్ తల్లి.