బెల్టుకి రెండు కొత్త కన్నాలు

అమ్మకి,

నీ చిన్నది నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నువ్వూ, అక్కా, పసిదీ బాగున్నారనుకుంటాను. ఫోన్లో నా గొంతు వింటే ఏడుపొస్తోందని ఉత్తరమే రాయమన్నావు. మంచిదే, ఇది ఫోన్లో చెప్పేది కాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. జలుబు తగ్గింది. అన్నం వేళకే తింటున్నాను, ఏ వేళకి అని మాత్రం అడక్కు. ఫోటో స్టూడియో ఓనరు ఇంకా నన్ను పేరు పెట్టి పిలవడు. "ఏమ్మా డిగ్రీ, తెర మీద అందరూ అందగాళ్ళే. ప్రింటు తీసి కిటికీ దగ్గర పట్టుకుని చూడు, అప్పుడు చెప్పు" అంటాడు రోజుకి పదిసార్లు. చాదస్తమని నవ్వుకునేదాన్ని.

పోయిన నెల నేను పంపిన నాన్న ఫోటో గోడకి తగిలించానన్నావు. "ఎంత హాయిగా నవ్వుతున్నారే! అప్పటికింకా నొప్పేమీ లేదు కదూ?" అని అడిగావు. దానికి మూడుసార్లు జవాబు రాసి చింపేశాను.

కడుపుతో ఉన్న అక్కని మంచం దిగొద్దన్నారని నువ్వు అక్కడికి వెళ్ళిన కొత్తల్లో, ఆ ఫోటో నేను ఫోన్లో తీశాను. అరచేతంత తెర మీద వందసార్లు చూశాను, నవ్వే కనిపించింది. ఫోన్లోనే నీకు పంపితే నీకూ నవ్వే కనిపించింది. "ఒక్క కాపీ ప్రింటు తియ్యవే, మీ అమ్మకి పంపుదాం" అన్నారు నాన్న. ప్రింట్లు తీసే చోట పనిచేస్తూ, "ఫోన్లో ఉందిగా నాన్నా" అన్నాను.

ఆయన పోయాక నీకోసం పెద్ద సైజులో తీసి, కిటికీ దగ్గర పట్టుకున్నాను. కుర్చీ చేతిని బిగించి పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయమ్మా. బెల్టుకి ఉన్న కన్నాలు చాలక, మేకుతో పొడిచిన రెండు కొత్త కన్నాలు, వంకరగా. మనిషి అంత చిక్కిపోయాడు, నా ఎదుటే.

"మూడు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే" అన్నాడు డాక్టరు, గుర్తుందా? ఫోటో తేదీ చూశాను. ఆ మాటకి మూడు నెలల పదిరోజుల ముందుది.

పోయిన నెల నీకు పంపింది ఆ ప్రింటు కాదు. కంప్యూటర్లో వేళ్ళు సడలించాను, కన్నాలు పూడ్చాను. చేతికొచ్చిన పనేగా, పావుగంట పట్టింది. నువ్వు రోజూ గోడ మీద చూస్తున్నది నా పనితనం, నాన్న కాదు.

అసలుది ఈ కవర్లోనే ఉంది, రెండు అట్టల మధ్య, బోర్లా పెట్టి. తిప్పి చూడమనలేను, దాచనూలేను. చూస్తే మాత్రం పగటిపూట, కిటికీ దగ్గర చూడు. చూశాక నాకు ఉత్తరం రాయాలనిపించకపోతే, రాయకు.

ఇట్లు,
పక్కనే ఉండి చూడని
నీ చిన్న కూతురు