మామయ్య స్కూటర్ తాళం

తోర్వా, బిలాస్‌పూర్
ఆదివారం మధ్యాహ్నం

అప్పకి,

నీ తమ్ముడు సూరిబాబు దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా ఒంట్లో బాగానే ఉన్నాం, మనసుల సంగతి కింద రాస్తాను. బావ నడుంనొప్పి తగ్గిందా? నువ్వు మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నావా, లేక రాసుకుంటున్నానని నాకు చెప్పడమేనా? పిల్లలు చదువుకుంటున్నారనే నమ్ముతున్నాను. నమ్మకపోతే నువ్వు ఊరుకోవు కదా.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఈ ఇంట్లో ఊరినుంచి ఫోనొస్తే స్పీకరు పెట్టి నలుగురి మధ్యా మాట్లాడాలి, అది వీళ్ళ మర్యాద. ఇల్లరికపు అల్లుడు గది తలుపేసుకుని వాళ్ళ అప్పతో గుసగుసలాడితే ఏం బాగుంటుంది? నీ మరదలు రమకి తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. అందుకని కాగితమే మేలనుకున్నాను. నువ్వు మాత్రం దీన్ని బావకి చూపించకు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

చలి బాగా ముదిరింది. నువ్వు అల్లిన స్వెట్టరే వేసుకుంటున్నాను, మోచేతుల దగ్గర పోయింది. పని ఎప్పటిలాగే. బొగ్గు లారీలు కాటా మీదికొస్తాయి, నేను తూకం చూస్తాను. ఒకడు బొగ్గు తడిపి తెస్తాడు, ఇంకొకడు క్లీనర్ని దింపకుండా తూకమేయిస్తాడు. చిన్నప్పటినుంచి నన్ను అనుమానపు పక్షి అని ఏడిపించావు కదా, ఇక్కడ ఆ గుణానికే నాకు జీతమిస్తున్నారు. తిండికి లోటులేదు. అత్తయ్య మన వంటలే చేస్తుంది, మధ్యమధ్య ఇక్కడివాళ్ళలాగా బియ్యప్పిండితో చీలా అట్లు పోస్తుంది. తింటుంటే బాగానే ఉంటుంది గానీ నాలుగు మాటలు కలిపి తినేవాళ్ళు లేరు. రమ పొద్దున్నే రక్తపరీక్షల ల్యాబుకి పోయి సాయంత్రం అలసిపోయి వస్తుంది. ఈ ఊళ్ళో నాతో తీరిగ్గా కూర్చుని మాట్లాడే మనిషి మామయ్య ఒక్కరే. నాన్న పోయాక నన్ను "ఏరా తిన్నావా" అన్నట్టు చూసిన మనిషీ ఆయనే. అందుకే ఈ ఉత్తరం.

సంగతి ఇదీ. ఆమధ్య మన తెలుగువాళ్ళ సంఘం హాల్లోకి ఒక పరిశోధన బృందం దిగింది. ఒక డాక్టరమ్మ, ఇద్దరు అమ్మాయిలు, ఒక ల్యాప్‌టాప్, కట్టలకొద్దీ బొమ్మల కార్డులు. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీలు చేసి రిటైరైన మా మామయ్యలాంటి రైలు డ్రైవర్లకి జ్ఞాపకమూ ఏకాగ్రతా ఎలా ఉన్నాయో చూస్తారట. బుర్రని ఏది మందగింపజేస్తుంది, ఏది చురుగ్గా ఉంచుతుంది అన్నది వాళ్ళ పరిశోధన. పైసా తీసుకోరట. అక్కడే నాకు తేడా కొట్టింది. ఇవాళ కార్డులు చూపించి రేపు జ్ఞాపకశక్తి మాత్రలు అంటగడతారనుకున్నాను. అది కాకపోతే ముసలివాళ్ళ ఫోను నంబర్లు పోగేసి ఏదో మోసం చేస్తారనుకున్నాను. అదీ కాకపోతే, ఫలానా డ్రైవరుకి మతిలేదు, ఆయన సంతకం చెల్లదు అని పెన్షను ఆఫీసుకి రాస్తారేమో! మామయ్యకి ఇవన్నీ చెప్పి వద్దన్నాను.

"బుర్రలో ఏటుందో సూత్తారంటే సూడనీవయ్యా. అందులో దాసుకున్నదేటుంది?" అన్నారు ఆయన.

ఇక్కడ నీకో మాట చెప్పాలి. రైలింజనులో డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నల్ కనబడగానే పైకి చెప్పుకుంటారు. అసిస్టెంటు "గ్రీన్" అంటే డ్రైవరు "గ్రీన్" అని తిరిగి అనాలి. ఒకరు పొరబడితే రెండోవారు దిద్దడానికి. మామయ్య రిటైరై ఇంటికొచ్చినా ఆ అలవాటు వదల్లేదు. పైగా ఇంటిల్లిపాదికీ అంటించారు. అత్తయ్య "గ్యాసు కట్టేయండి" అంటుంది, ఆయన "గ్యాసు కట్టేయండి" అని కట్టేస్తారు. ఆమె "బీపీ మాత్ర" అంటే "బీపీ మాత్ర" అని మింగుతారు. పొద్దున్న మా పాప జానూని స్కూటరు మీద సర్కండా బడికి తీసుకెళ్ళేటప్పుడు అత్తయ్య వాకిట్లో నిలబడి "హెల్మెట్, తాళం, సర్కండా" అంటుంది. ఆయన, వెనక కూర్చున్న జానూ, ఇద్దరూ గొంతెత్తి "హెల్మెట్, తాళం, సర్కండా" అంటారు. వీధివీధంతా నవ్వుతుంది. ఈ ఇంట్లో ఇదొక ముద్దుముచ్చట అనుకుని నేనూ నవ్వేవాణ్ణి. లారీలో దాక్కున్న క్లీనర్ని పట్టుకునేవాణ్ణి, ఇది పట్టుకోలేకపోయాను.

పరీక్ష రోజున ఇంటివాళ్ళని లోపలికి రానివ్వం అన్నారు. నాకు ఇంకా ఒళ్ళుమండి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ అమ్మాయి హిందీలో కొన్ని మాటలు చెప్పింది, మామయ్య టకటకా తిరిగి చెప్పేశారు. నా ఛాతీ ఉప్పొంగింది. తర్వాత వేరే ఏవో బొమ్మలు గీయించి, కాస్త ఆగి, ఇందాకటి మాటలు చెప్పమంది. మామయ్య పక్కకి తిరిగి చూశారు. పక్కన ఎవరూ లేరు.

"ఏ మాటలమ్మా?" అన్నారు.

నేను ఊరుకుంటానా? తెలుగు మనిషికి హిందీలో పరీక్ష పెట్టి మతిలేదంటారా అని డాక్టరమ్మతో గొడవపడ్డాను. ఆవిడ కోప్పడలేదు. ఇంకోరోజు రమ్మని, మాటలు మార్చి, తెలుగులో నన్నే చదవమంది. చదివాను. ఆయన తడుముకోకుండా తిరిగి చెప్పారు. కాసేపాగి మళ్ళీ అడిగాను. మామయ్య నాకేసి ఎంతో నమ్మకంగా చూసి, "నువ్వు సెప్పు, నాను అంటాను" అన్నారు.

అప్పా, ఆ మాటల కాగితం డాక్టరమ్మకి తిరిగిచ్చేశాను.

డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి మెల్లగా చెప్పింది. విన్నమాట వెంటనే తిరిగి చెప్పడం వేరు, దాన్ని దాచుకుని తర్వాత తీయడం వేరట. రెండోది ఈయనకి దెబ్బతింది. ఎందుకన్నది ఇప్పుడే చెప్పలేనంది. నిద్ర చాలక కావచ్చు, ఇంజను మోతలో చెవులు పోయి కావచ్చు, రక్తంలో ఏదైనా లోపం కావచ్చు, బీపీ కావచ్చు, నిజంగా మతిమరుపు జబ్బే కావచ్చు. కొన్నిటిని సరిచేయొచ్చు, కొన్నిటిని చేయలేం అంది. "ఇంట్లో ఈయనకి అన్నీ ముందే ఎవరు గుర్తుచేస్తున్నారు?" అని అడిగింది. ఆ తర్వాత, "బండి నడపడం లేదు కదా?" అంది.

ఆయన నడిపే బండి మీద రోజూ వెళ్తున్నది నా కూతురు.

ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య, "పరీచ్చంటే ఎవులికైనా బెదురే బాబూ. అంతకన్నా ఏటీ లేదు" అని వంటింట్లోకి పోయింది. ఆవిడ నా కళ్ళలోకి చూడలేదు. ఎప్పుడూ లేనిది అప్పుడు అత్తయ్యనే అనుమానించాను. ఆవిడ రోజూ పొద్దున్న గుడికని బయల్దేరుతుంది, ఒక్కనాడైనా ప్రసాదం తేలేదు. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నా పట్టించుకోలేదు. మర్నాడు కాటాకి సెలవుపెట్టి మోటారుసైకిలు మీద తాతా మనవరాళ్ళ వెనకాలే వెళ్ళాను.

ఏం చూశానో చెప్తాను. మలుపు రాకముందే జానూ తాత వీపుమీద తట్టి "లెఫ్ట్" అంటోంది. ఆయన "లెఫ్ట్" అని తిప్పుతున్నారు. అర్పా నది వంతెన మీద "మెల్లగా తాతా, ముందు ఆటో" అంటోంది. "మెల్లగా" అని ఆయన తగ్గిస్తున్నారు. బడి గేటు దాకా అంతే. ఆ రెండో తరగతి పిల్ల స్కూటరు నడుపుతోందప్పా, చేతులు మాత్రం తాతవి. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, అరిస్తే ఆయన బెదిరి ఎక్కడ పడేస్తారోనని నోరుమూసుకుని వెళ్ళాను.

జానూ లోపలికి పోయాక మామయ్య బయల్దేరలేదు. టీ బండి పక్కన స్కూటరు ఆపుకుని బస్సుకోసం చూసేవాళ్ళలా నిలబడ్డారు. కాసేపటికి ఆటో ఒకటి ఆగింది. అత్తయ్య దిగింది. ఆవిడ రోజూ వెళ్ళే గుడి అదన్నమాట. వెనక కూర్చుని దారి చెప్తూ ఆయన్ని ఇంటికి చేర్చడానికి అంతదూరం వస్తోంది.

నన్ను చూసి ఆవిడ ముఖం మాడిపోయింది. "నా ఎనకాల ఒచ్చీసినారేటి బాబూ?" అంది.

"మీ వెనక కాదు, నా కూతురి వెనక వచ్చాను. దానికేమైనా అయితే ఏం చెప్పేవారు?"

"అది ఉన్నాదనే నా దైర్నం. అది బాగా సెప్తాది."

"అత్తయ్యా, అది పసిపిల్ల!"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తాళం తీసీసుకుంటే ఆయనకింకేటి మిగుల్తాది? ఇంజను ఇడిచీసినారు. ఆ స్కూటరే ఇంజననుకుంటన్నారు. మీకు సెప్తే మీరు రమకి సెప్తారు, అది లాగీసుకుంటాది" అని అక్కడే, రోడ్డుమీదే ఏడ్చేసింది. నాకు ఆవిడ మీద కోపం పోలేదు, జాలీ ఆగలేదు.

మామయ్య మా ఇద్దరినీ చూస్తున్నారు. నేను దగ్గరికెళ్ళాను. ఎలా చెప్పాలో తెలియలేదు. తాళం ఇవ్వండి అంటే ఆయన "తాళం ఇవ్వండి" అని తిరిగి అంటారేమోనని భయమేసింది. చివరికి ఆయన భాషలోనే చెప్పాను.

"మామయ్యా, రెడ్."

ఆయన "రెడ్" అనలేదు. తాళం తీసి నా చేతిలో పెట్టి, "ఇన్నాళ్ళూ అందరూ గ్రీనే సెప్పీసినారయ్యా. రెడ్ సెప్పకపోతే నాను ఆపుతానేటి?" అన్నారు. బళ్ళు రెండూ టీ బండి దగ్గరే వదిలి ఇంటికి ముగ్గురం ఆటోలో వచ్చాం.

ఆ సాయంత్రమే రమకి అంతా చెప్పాను. వాళ్ళ అమ్మతో రెండ్రోజులు మాట్లాడలేదు గానీ నాన్న రక్తం తనే తీయించింది. బీ-ట్వెల్వ్ బాగా తక్కువగా ఉందని తేలింది, సూదులు మొదలుపెట్టారు. చెవులు సగానికి సగం వినబడడం లేదట. చెవి మిషను పెట్టించాం. అమ్మినవాడి మీద నాకు నమ్మకం లేదు, ఇంకో దుకాణంలో చూపించి వచ్చాను. వాడూ అదే మాట చెప్పాడు, ఇద్దరూ కూడబలుక్కున్నారేమో తెలీదు. రాత్రి సరిగ్గా పడుకోమనీ, నడవమనీ, నలుగురిలో కూర్చోమనీ, ఏదైనా కొత్తది నేర్చుకోమనీ డాక్టరమ్మ చెప్పింది. మామయ్య చీలా పోయడం నేర్చుకుంటున్నారు. మాడ్చినవి నా పళ్ళెంలోకి వస్తున్నాయి. ఏ మాటా ముందే అందించవద్దు, ఆయన్ని కాస్త వెతుక్కోనివ్వమంది. అత్తయ్యకి ఇదే అన్నిటికన్నా కష్టంగా ఉంది. పెదవులు బిగబట్టుకుని నిలబడుతుంది పాపం. ఇవన్నీ ఎంతవరకు పనిచేస్తాయో డాక్టరమ్మ మాట ఇవ్వలేదు. మాట ఇవ్వనందుకే ఆవిడ మీద మొదటిసారి నమ్మకం కలిగింది.

జానూ ఇప్పుడు బడి ఆటోలో వెళ్తోంది. తాతకి ఎవరు చెప్తారని రోజూ అడుగుతుంది. నేను నిజమే చెప్తున్నాను, తాతకి ఒంట్లో బాలేదని.

ఇటువైపు ఎవరైనా వస్తుంటే ఎండు మెత్తళ్ళు పంపు. నువ్వే కట్టి, నువ్వే తాడు బిగించు. కిందటిసారి పొట్లం తేలిగ్గా చేరింది, తెచ్చినవాడి పేరు రాయను గానీ నాకు తెలుసు. నీకు వీలైతే నువ్వే రా అప్పా. నాలుగు రోజులుండు. ఈ సంగతి ఒక్కణ్ణే మోయడం నాకు కష్టంగా ఉంది.

ఇది రాస్తుంటే మామయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నారు. "ఎవులికి రాత్తన్నావు?" అని అడిగారు. మా అప్పకి అని చెప్పాను. టీ తాగారు, ఎండ పడుతున్న వాకిలి చూశారు, మళ్ళీ "ఎవులికి రాత్తన్నావు?" అన్నారు. మా అప్పకి అన్నాను. ఆయన కప్పు కిందపెట్టి నన్ను అనుమానంగా చూశారు, కాటా మీద నేను లారీవాణ్ణి చూసినట్టు.

"ఇదివరకు అడిగీసినానా? నిజం సెప్పు."

లేదు మామయ్యా అనేయడం ఎంత తేలికో! నోటిదాకా వచ్చింది.

"అడిగారు మామయ్యా."

"అచ్ఛా," అన్నారు. కప్పు మళ్ళీ అందుకుని, "మరోసారి అడిగితే ఇసుక్కోకు. మరోసారి సెప్పు" అన్నారు. సరేనన్నాను.

బావకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు, పెదనాన్నకీ పెద్దమ్మకీ నా తరఫున పాదాలంటి దండం పెట్టు. మామయ్య కోసం ఒక దీపం వెలిగించు, నా కోసం ఒక దీవెన పంపు.

నీ తమ్ముడు,
సూరిబాబు